నా పేరు మీద నీళ్లు

నేను చచ్చిపోయానేమోనని మా అమ్మ ఎండాకాలం మొదలు దసరా దాకా భయపడింది. కొన్నాళ్లకు ఆ భయం నాకూ అంటుకుంది. నవ్వొస్తే నవ్వండి. ఆ రోజుల్లో నాకైతే నవ్వు రాలేదు.

మెదక్‌లో బస్టాండు దాటి చర్చి వైపు పోతుంటే నాదొక లేడీస్ టైలరింగ్ దుకాణం కనిపిస్తుంది. ముందు రెండు కుట్టు మిషన్లు, ఒక పికో మిషను, వెనకాల చిన్న గది. ఆ గదిలో ఒక మంచం వేసుకుని, స్టవ్ పెట్టుకుని, నా మానాన నేను బతకాలన్నది నా కోరిక. పెద్ద కోరికేం కాదు. కానీ ముప్పయి దాటిన ఆడపిల్ల నోట ఆ మాట వినగానే మా ఊళ్లో మనుషులు ముందు నోరు తెరుస్తారు, తర్వాత జాలిగా చూస్తారు. జాకెట్టు కొలతలిచ్చేందుకు చేతులు పైకెత్తి నిలబడి కూడా, "మరి నీ లగ్గమెప్పుడు బిడ్డా?" అని అడుగుతారు. "మీ జాకెట్టు కుట్టుడైనంక" అంటాను. అంటూ టేపు కాస్త బిగించి లాగుతాను.

మా బాపుకు శంకరంపేట దగ్గర పొలం ఉంది, టౌన్లో ఎరువుల దుకాణం ఉంది. ఆయనకు మాటలు తక్కువ. ఇంట్లో మాట్లాడాల్సిందంతా అమ్మే మాట్లాడుతుంది. ఆమె అన్న, మా కౌడిపల్లి మామ, ఆ మధ్య ఎల్దుర్తి నుంచి ఒక సంబంధం తెచ్చాడు. పొలాలున్నవాళ్లు, ఈ మధ్యనే ట్రాక్టర్ల వ్యాపారం కూడా పెట్టారు. అబ్బాయి వచ్చాడు, చూశాడు, నాతో కాసేపు మర్యాదగా మాట్లాడాడు. వంక పెడదామంటే ఏమీ దొరకలేదు, అదొక కడుపుమంట. పోయేముందు వాళ్లమ్మ మాత్రం, "దుకాణం తీసేయుండ్రి. మా ఇంటి కోడలు ఊరోళ్లకు కుట్టిపెట్టుడేంది, మాకేం తక్కువ?" అని నవ్వింది. ఆ నవ్వుకు నాకు ఒళ్లు మండింది. నేను కాదన్నాను. అమ్మ ఏడ్చింది, మామ అలిగి బస్సెక్కాడు, మర్నాటి నుంచి మళ్లీ ఫోన్లు మొదలయ్యాయి. ఇట్లా గుంజులాట నడుస్తుండగా సినిమావాళ్లు వచ్చారు.

శంకరంపేట దిక్కు ఒక పాడుబడ్డ గడి ఉంది, కోటలాంటి దొరల ఇల్లు. దొరలు ఎప్పుడో పోయారు, గబ్బిలాలు మిగిలాయి. హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు దానికి సున్నం కొట్టించి, నిజాం కాలం నాటి కథ ఒకటి తీయడం మొదలుపెట్టారు. వాళ్లలో బట్టల సంగతి చూసే మేడం ఒకామె మా దుకాణానికి వచ్చి, ముందు ముడి వేసుకునే పాత రైకలు కుట్టిపెట్టమంది. కుడుతూ కథేమిటని అడిగాను.

"దొర కూతుళ్లు ఇద్దరు. పెద్దామె పెండ్లి ధూంధాంగా అవుతుంది. చిన్నామె మాత్రం నాకు మొగుడొద్దు, పిల్లలకు చదువు చెప్పుకుని నా తిండి నేను తింటా అంటుంది. ఇల్లు విడిచి పోతుంటే తండ్రి ఆమె చచ్చినట్టే లెక్కని నడివాకిట్లో నీళ్లు వదులుతాడు. ఆమె వెనక్కి తిరిగి చూడకుండా గడప దాటుతుంది" అని మేడం చెప్పింది.

వింటుంటే నా కడుపు నిండిపోయింది. ఇంకేం, నా కథకే పట్టుచీర కట్టి తీస్తున్నారు అనుకున్నాను. కూలి తగ్గించి మరీ కుట్టాను.

రైకలు అక్కడికక్కడ సరిచేయడానికి షూటింగుకు కూడా రమ్మన్నారు. పోయాను. ఆ రోజు పొద్దున పెద్దకూతురి పెండ్లి తీశారు. తండ్రి వేషం వేసిన పెద్దాయన నాటకాల్లో ముదిరిన మనిషి. అయ్యగారు మాత్రం వేషగాడు కాదు. అంతా అసలులా ఉండాలని డైరెక్టరుకు పట్టుదల. అందుకని మా టౌన్లో పెండ్లిళ్లూ దినాలూ చేయించే అయ్యగారినే కారు పంపి పిలిపించాడు. ఆయన మంత్రం చదివాడు, పెద్దాయన రాగిచెంబుతో కన్యాదానం ధార పోశాడు, మేమంతా చప్పట్లు కొట్టాం. అదొక పండగలాగే అయింది.

మధ్యాహ్నం నీళ్లు వదిలే సీను పెట్టుకున్నారు. హీరోయిన్ ఒంట్లో బాగాలేక హైదరాబాద్ పోయింది. వీపు మాత్రమే కనిపించే షాటు కాబట్టి, ఆమె ఒడ్డూ పొడుగూ ఉన్న నన్ను నిలబెడదామన్నారు. ఆమె కొలతకు నేను కుట్టిన రైక నాకే తొడిగారు. ఒక్క కుట్టు విప్పే పని లేకుండా సరిపోయింది. "గడప దగ్గర అటు తిరిగి నిలబడమ్మా. నేను చెప్పేదాకా ఇటు తిరగకు" అన్నాడు డైరెక్టర్.

నా ఎదురుగా ఖాళీ ఆవరణ, దాని నిండా ఎండ. మనుషులంతా నా వెనక. జనరేటర్ ఆపేశారు. అంతమంది ఉండి కూడా ఒక్కరి ఊపిరి చప్పుడు లేదు. తడిసిన దర్భ వాసన, నువ్వుల వాసన నా దాకా వచ్చాయి. అయ్యగారు గొణుగుతున్నట్టుగా సంకల్పం మొదలుపెట్టాడు. నడుమ ఒకచోట ఆగాడు. ఆగి, అలవాటు కొద్దీ అడిగాడు: "గోత్రం? పేరు?"

దొరవారికి ఒక గోత్రం ఉండాలని కథ రాసినవాళ్లకు తట్టలేదు. పెద్దాయన తడుముకున్నాడు. ఇక నా నోటి సంగతి చెప్పాలి. గుళ్లో అర్చనకు కొబ్బరికాయ అందిస్తూ చిన్నప్పటి నుంచి వింటున్న ప్రశ్న అది. అయ్యగారు అడిగితే నోరు దానంతటదే చెప్పేస్తుంది, మధ్యలో బుర్రకు పని ఉండదు. మీరైనా అంతే. అటు తిరిగి నిలబడ్డదాన్ని అట్లాగే, మా గోత్రం, నా పేరు గట్టిగా చెప్పేశాను.

ఎవరైనా నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. అయ్యగారు ఆ రెండింటినీ మంత్రంలో కలిపి చదివాడు. పెద్దాయన గొంతు వణికించి, మా గోత్రం పలికి, నా పేరు పలికి, "ఈ పొద్దు నుంచి నువ్వు మాకు లేవు" అన్నాడు. బండ మీద నీళ్లు పడ్డ చప్పుడు వినిపించింది. అంత ఎండలో నా వీపు మీది చెమట ఉన్నట్టుండి చల్లబడింది. వెనక్కి తిరగాలని ఎంత అనిపించిందో చెప్పలేను. తిరగొద్దన్నారు కదా, తిరగలేదు.

"ఓకే" అని వినిపించింది. ఇక తిరగమంటారని చూస్తూ నిలబడ్డాను. చెప్పుల చప్పుడు, కుర్చీలు జరిపిన చప్పుడు, ఆ తర్వాత ఏమీ లేదు. కాళ్లు లాగి, చివరికి నేనే తిరిగాను. వాకిట్లో పురుగు లేదు. అందరూ భోజనాలకు పోయారు. తడిబండ, నాలుగు నువ్వులు, నలిగిన దర్భ మాత్రం ఉన్నాయి. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మనిషిని నిలబెట్టి మరిచిపోవడమేంటి? పోయి విస్తరి ముందు కూర్చుంటే వడ్డించే అతను, "అరే, మీరింకా ఉన్నరా?" అన్నాడు. నేను తిని చేయి కడుక్కుని వచ్చేసరికి కూడా ఆ బండ ఆరలేదు. దాని పక్క బండ మీద చెప్పు లేకుండా కాలు పెడితే చురుక్కుమంది.

సాయంత్రం బస్సెక్కాను. ఆడవాళ్లకు టికెట్ ఉచితమే అయినా ఆధార్ చూసి జీరో టికెట్ కొట్టి చేతిలో పెడతారు. కండక్టరమ్మ నా ముందు సీటామెకు ఇచ్చింది. నా వెనక సీటామెకు ఇచ్చింది. నేను కార్డు చాచి పట్టుకునే ఉన్నాను. "మేడం, నాకియ్యలే" అన్నాను. వినలేదు. మళ్లీ అన్నాను. మెదక్‌లో దిగేదాకా ఆమె చూపు నా మీద పడనే లేదు. బస్సు కిటకిటలాడుతోంది నిజమే, అంత రద్దీలో ఒకరిని మరిచిపోవడం వింతేం కాదు. ఇంటికి పోయి ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

నేను చెప్పకపోతేనేం? షూటింగులో జనంగా కూర్చోవడానికి మా వీధి ఆడవాళ్లు కొందరు వచ్చారు. వాళ్ల నోట్లో నువ్వుగింజ నానదు. తెల్లారేసరికి అమ్మకు చేరింది. కాళ్లకు చెప్పుల్లేకుండా దుకాణానికి వచ్చి నా మిషన్ చక్రం మీద చేయి పెట్టి ఆపింది.

"నీ గోత్రం నువ్వే చెప్పినవా?"

"అమ్మా, అది సినిమా."

"గా నీళ్లు నిజం నీళ్లేనా?"

"నీళ్లే."

"నువ్వులు?"

"నువ్వులే."

"అయ్యగారు నిజం అయ్యగారేనాయె. మరి ఉత్తది ఏదే? దాంట్ల ఉత్తది ఏదో నాకు చెప్పు!"

నేను నోరు తెరిచాను. కెమెరా అందామనుకున్నాను, కానీ కెమెరా కూడా నిజం కెమెరానే. దాంతో కసిరాను. "పిచ్చి లేసిందా నీకు? ఇంటికి పో" అన్నాను.

పక్క దుకాణంలో గాజులమ్మే సాయిబుల ఆపా ఈ గొడవ విని వచ్చింది. అమ్మకు మంచినీళ్లిచ్చి, "పరేషాన్ గాకమ్మా. గోత్రం ఉంటెనే గదా గిదంత. మాకు గోత్రాలే లెవ్వు, మేం తిరుగుతలేమా? జర సబర్ జెయ్యి" అంది. అమ్మ నవ్వినట్టే చేసింది. నవ్వినట్టు చేసి, నా రెక్క పట్టుకుని నేరుగా అయ్యగారింటికి లాక్కుపోయింది.

అయ్యగారు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి దిగ్గున లేచాడు. ఆయన కూడా ఇదే ఆలోచిస్తూ కూర్చున్నాడు.

"నా తప్పు గాదని చెప్పనమ్మా" అన్నాడు అమ్మతో. "చేతిల దర్భ పట్టిన్నంటే నాకు ఇంకోటి యాదికుండది. షూటింగన్న మాటే మరిచిన. సంకల్పం నోట్లకెళ్లి ఎల్లిపోయింది. దాన్ని వాపస్ దీస్కునుడెట్లనో నాకు తెల్వది."

అమ్మ ఏడుపు అందుకుంది. ఆయన తల గోక్కున్నాడు, ఆకాశం చూశాడు, చివరికి ఒక మాట పట్టుకున్నాడు. "ఒక్క పని జెయ్యుండ్రి. పిల్లకు లగ్గం జెయ్యుండ్రి. లగ్గమైతే ఆడపిల్ల గోత్రం మారుతది, మొగని గోత్రమైతది. గా గోత్రం పిల్ల మీద ఇడిసిన నీళ్లు ఇంక ఈమెకు తగులయి."

అమ్మ మొహం విప్పారింది. నాకు మాత్రం ఎక్కడ లేని కోపం వచ్చింది. ఈ ఊళ్లో ఏ సందు పట్టుకుని పోయినా ఎల్దుర్తి రోడ్డుకే తేలుతుందేం? "అయ్యగారు, గోత్రం మార్చుకోనీకి ఇంకో తొవ్వ లేదా? బడిల టీసీ ఇస్తరు చూడుండ్రి, గట్లాంటిది?" అన్నాను. అమ్మ నా జబ్బ మీద రక్తం చిమ్మేలా గిల్లింది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎల్దుర్తి సంబంధం సంబంధంగా కాక మందుగా మారిపోయింది. ఇదివరకు అమ్మ "చేసుకో" అంటే నేను "చేసుకోను" అనేదాన్ని, గొడవ సమానంగా ఉండేది. ఇప్పుడు అమ్మ గొడవ పడటం మానేసింది. నేను అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని ఊరికే చూసేది. నేను తుమ్మితే ఉలిక్కిపడేది. పొద్దున నేను లేవకముందే వచ్చి నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. నాకు మెలకువ వచ్చేది కానీ కళ్లు తెరిచేదాన్ని కాదు. తెరిస్తే ఆమె సిగ్గుపడుతుందని.

మధ్యాహ్నం పూట వెనక గదిలో టిఫిన్ డబ్బా విప్పుకుంటాను. షూటింగైన కొన్నాళ్లకు కిటికీలో ఒక కాకి వచ్చి వాలింది. నేను మెతుకు విసరలేదు, పిలవలేదు. నీళ్లు తాగడానికి లేస్తే లోపలికి గెంతి డబ్బాలో ముక్కు పెట్టింది. హుష్ అన్నాను, పోలేదు. చేయి ఎత్తాను, పోలేదు. తాపీగా తిని పోయింది. మరునాడు మళ్లీ వచ్చింది. ఆ తర్వాత రోజూ వచ్చింది. కాకి అన్నం తింటే వింతేముందని నాకు నేను చెప్పుకున్నాను. ఒకరోజు అమ్మ కూరగిన్నె పట్టుకుని వచ్చి తలుపు దగ్గర నిలబడి ఇది చూసింది. పోయినవాళ్లకు పెట్టిన ముద్దను కాకి ముట్టిందంటే వాళ్లకు అందినట్టు. నా అన్నాన్ని ఆ కాకి అంత ఇష్టంగా తింటుంటే అమ్మ దాన్ని తోలలేదు. గిన్నె కింద పెట్టి గోడకు ఆనుకుని కూర్చుంది.

తర్వాత రేషన్ కార్డుకు వేలిముద్రలు వేయాలన్నారు. అమ్మది పడింది, బాపుది పడింది. నాది పడలేదు. ఏ వేలు పెట్టినా మిషను ఎర్రలైటు వేసి కుయ్‌మంటోంది. సూదిపోట్లకు, ఇస్త్రీపెట్టె వేడికి నా వేళ్ల గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. టైలర్లందరికీ ఇదే తిప్పలు. డీలర్ ఆ మాట అనొచ్చు కదా? అనకుండా, "ముద్ర వడకుంటె పేరు గొట్టేస్తరు. సచ్చిపోయినోళ్ల పేర్లు తీసేసుడు నడుస్తుంది" అన్నాడు. మామూలుగా అన్నాడు పాపం, అతనికేం తెలుసు? లైన్లో మా వీధామె ఒకామె పక్కామెను మోచేత్తో పొడిచింది. అమ్మ నా వేలు పట్టుకుని కొంగుతో తుడిచి మళ్లీ పెట్టించింది, మళ్లీ తుడిచి మళ్లీ పెట్టించింది.

నాకు భయం లేదని చాలాకాలం అనుకున్నాను. కానీ దుకాణంలోకి వచ్చినవాళ్లు, నేను మిషన్ ముందు కూర్చునే ఉన్నా, "ఎవల్లేరా?" అని అరవడం మొదలైంది. వంగి కుడుతుంటే ముందున్న బల్ల అడ్డం వస్తుంది, కనిపించను. ఏళ్ల నుంచీ అంతే. అయినా దిగ్గున లేచి, "ఉన్న, ఉన్న, ఈడనే ఉన్న" అని అవసరానికి మించి గట్టిగా అనేదాన్ని. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే పలకబుద్ధి అయ్యేది కాదు. నా పేరు చెవిన పడగానే దాని వెనకాలే బండ మీద నీళ్లు పడ్డ చప్పుడు వచ్చేది.

శ్రావణంలో ఒకరోజు జాకెట్ చేయి కుడుతుంటే సూది నా వేలిలోకి దిగింది. అవతలికి దిగింది. నొప్పి లేదు. చక్రం వెనక్కి తిప్పి వేలు బయటికి తీశాను. నెత్తురు రాలేదు. వేలు పట్టుకుని చూస్తూ కూర్చున్నాను. బజార్లో ఆటోలు పోతున్నాయి, ఆపా ఎవరికో గాజులు తొడుగుతూ బేరం ఆడుతోంది, నా వేలికి నెత్తురు రావడం లేదు. చాలాసేపటికి ఒక్క చుక్క పొడుచుకొచ్చింది. దాన్ని చూసి నేను వెక్కి వెక్కి ఏడ్చాను. వెనక గది, మంచం, స్టవ్, నా మానాన నా బతుకు, వీటన్నిటికంటే ఆ చుక్క నాకు ముద్దనిపించింది. ఇంటికి పోయి, "ఎల్దుర్తోళ్లను రమ్మను" అన్నాను.

అమ్మ నన్ను దగ్గరికి తీసుకుని నా నెత్తి వాసన చూసింది, పసిపిల్లకు చూసినట్టు. వచ్చే భాద్రపదంలో మంచి రోజులు లేవని దసరా తర్వాత ఎంగేజ్‌మెంట్ అనుకున్నారు. దుకాణం ఖాళీ చేస్తానని ఇంటి ఓనరుకు చెప్పాను. కుట్టని బట్టలు ఎవరివి వాళ్లకు తిప్పి పంపడం మొదలుపెట్టాను. ఆపా నాతో మాట్లాడటం మానేసింది. "గోత్రం లేనోళ్ల మాట నువ్వెందుకింటవ్ తియ్యి" అని మాత్రం అంది.

బతుకమ్మ పండగ రోజుల్లో సినిమా వచ్చింది. నాకు చూడాలని లేదు. అమ్మే పట్టుబట్టింది. "ఏమైందో నా కండ్లతోని నేను జూడాలె" అంది. మ్యాట్నీకి పోయాం. చిన్న సినిమా, జనం పలుచగా ఉన్నారు. మా వీధి ఆడవాళ్లు మాత్రం తెర మీద తమను తాము చూసుకోవడానికి ఒక వరుస నిండా కూర్చున్నారు. పెద్దకూతురి పెండ్లి వచ్చింది. తండ్రి ధార పోశాడు. సన్నాయి మోగింది, హాల్లో ఈలలు వేశారు. అమ్మ కళ్లార్పకుండా చూస్తోంది.

తర్వాత ఆ మధ్యాహ్నం వచ్చింది. తెర మీద ఎండ, గడప, ఒక వీపు.

"గది నువ్వే" అంది అమ్మ.

పెద్దాయన మొహం తెర నిండా వచ్చింది. డబ్బింగులో మాటలు సరిచేసుకున్నారు. దొరకు ఏదో గోత్రం పెట్టారు, కూతురి పేరు కూతురిదే వినిపించింది. చెవికి అంతా సరిగ్గానే ఉంది. కానీ ఆయన పెదవులు ఆ రోజు పలికిందే పలుకుతున్నాయి. ఇంటి తలుపంత పెద్ద పెదవులు. ముందు మా గోత్రం, తర్వాత నా పేరు. హాల్లో ఇంకెవరికీ తెలియలేదు. మా అమ్మకు తెలిసింది. ఆ పేరు పెట్టింది ఆమె, ముప్పయ్యేళ్లుగా రోజూ పిలిచింది ఆమె. ఆ పేరు పలికేటప్పుడు నోరు ఎట్లా తిరుగుతుందో ఆమెకు చెవులతో పని లేకుండా తెలుసు.

నీళ్లు పడ్డాయి. అమ్మ లేచి నిలబడి శోకం తీసింది.

"నా బిడ్డో! నా బంగారు తల్లో! నన్నిడిసి యాడికి వోతివే! కండ్లు గుంజంగ మిషన్ దొక్కితివి బిడ్డో, ఊరందరికి కుట్టి నువ్వొక మంచి చీర గట్టకపోతివి బిడ్డో!"

మొదట ఎవరో నవ్వారు. తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది. శోకం అంటే మా దగ్గర వినోదం కాదు, వింటే కూర్చోలేరు. మా వీధి ఆడవాళ్లు ఒక్కొక్కరే కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఇద్దరు లేచి వచ్చి అమ్మ భుజాలు పట్టుకుని తామూ అందుకున్నారు. వాళ్ల నోట్లో నా పేరే. నేను అమ్మ చేయి గుంజాను. "అమ్మా, ఈడనే ఉన్న. ఇగో, జూడు. నీ పక్కనే ఉన్న" అన్నాను. అమ్మ నా వైపు తిరిగింది. చూసింది. చావింట్లో ఓదార్చడానికి వచ్చిన పక్కింటి పిల్లను తడిమినట్టు నా చెంప తడిమి, మళ్లీ తెర వైపు తిరిగి ఏడుపు సాగించింది. నా చావుకు నేనే పరామర్శకు వచ్చినట్టు ఆ కుర్చీలో కూర్చున్నాను.

సినిమా అయిపోయి బయటికి వచ్చాం. ఎండ ఇంకా ఉంది. అమ్మ కుళాయి దగ్గర మొహం కడుక్కుంది. నెమ్మదిగా నడిచి నా దుకాణం మెట్టు మీద కూర్చుంది. ఆమె మొహం తేటగా ఉండటం చూసి నేనింకా భయపడ్డాను.

"లగ్గంల గూడ గాయనే గదా పోసింది" అంది.

"ఎవలమ్మా?"

"గా తండ్రి. పెద్దపిల్లకు. గదే చెంబు. అయ్యగారు గోత్రం అడిగిండు, పేరడిగిండు, గాయన జెప్పిండు, నీళ్లు పోసిండు. గప్పుడేమో ఈలలేసిరి. చిన్నపిల్లకు గవ్వే నీళ్లు పోస్తె సచ్చినట్టాయె."

"అది కన్యాదానం. ఇది వేరే."

"నాకు తెల్వదానే? మా నాయిన నాకు గట్లనే పోసిండు. మా గోత్రం పక్కన నా పేరు జెప్పుడు గదే ఆఖరు. తెల్లారి సంది గా పేరు ఎవలన్న పిలిసిండ్రా? కోడలన్నరు. కౌడిపల్లామె అన్నరు. నువ్వు పుట్టినంక నీ పేరు జెప్పి గామె అమ్మ అన్నరు. గా పిల్ల యాడికి వోయిందని ఎవ్వలడగలే. నేను గూడ అడగలే."

కాకి వచ్చినప్పుడు, వేలికి నెత్తురు రానప్పుడు పడ్డ భయం వేరు. అప్పుడు నాకు నా గురించి భయం వేసింది. ఇప్పుడు, ఎండలో మెట్టు మీద కూర్చున్న మా అమ్మను చూస్తే భయం వేసింది. బాపు ఆమెను "ఏయ్" అంటాడు, లేదా "ఇగో" అంటాడు. మామ "చెల్లె" అంటాడు. ఇంకెవరూ ఏమీ అనరు. ఆమె చేయి పట్టుకున్నాను. చల్లగా ఉంది, కుళాయి నీళ్లకే అనుకుంటాను.

దసరా వెళ్లింది. మేం ముగ్గురం అన్నాలు తింటున్నాం. మామ ఫోన్ చేశాడు. అమ్మ ఎంగిలిచేతితో స్పీకరు నొక్కింది. ఎల్దుర్తివాళ్లు ఆదివారం వస్తున్నారని, మనుషులు ఎక్కువే వస్తారని, పిల్లను మంచిగా తయారు చేయమని మామ చెప్పుకుపోతున్నాడు. అమ్మ అంతా విన్నది.

"అన్నా, మా ఇంట్ల ఇచ్చే పిల్ల లేదు" అంది.

"లేదంటే? గాడ కూసున్నది గాదా? ఏం మాట్లాడుతున్నవ్ చెల్లె?"

అమ్మ నా వైపు చూసింది. సినిమా హాల్లో చూసినట్టే చూసింది. "లేదన్నా. ఒక్కతే ఉండె. నీళ్లిడిసిండ్రు. నేను ఏడ్సుడు గూడ అయిపోయింది. మల్లొకసారి నా ఇంట్ల, నా మొగని చేత నీళ్లు పోయియ్య. ఒక్క బిడ్డను ఎన్నిసార్లు ఇడువాలె?"

ఫోను పెట్టేసింది. బాపు కలిపిన ముద్ద చేతిలోనే ఉంది. నన్నొకసారి అమ్మనొకసారి చూసి, ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నన్ను విడిపించిందని అర్థమై నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆ విడిపించడానికి నన్ను లేనిదాన్ని చేసిందని కూడా అర్థమైంది. దేనికి ఏడ్చానో ఇప్పటికీ విడదీసి చెప్పలేను.

ఇప్పుడు వెనక గదిలో మంచం ఉంది, స్టవ్ ఉంది. దుకాణం నడుస్తోంది. మధ్యాహ్నం అమ్మ అన్నం తెస్తుంది, కాసేపు కూర్చుంటుంది, గుండీలు కూడా కుడుతుంది. కానీ ఆ ఫోను పెట్టేసిన రోజు నుంచి నన్ను ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు. "ఇగో" అంటుంది. "ఓ పిల్లా" అంటుంది.

మొన్న ఉండబట్టలేక అడిగేశాను. "అమ్మా, నన్ను పేరు వెట్టి పిలువవా?"

ఆమె డబ్బా మూత తీస్తోంది. తీయడం ఆపింది. "ముందుగాల నన్ను నువ్వు పిలువు" అంది.

మా అమ్మ పేరు నాకు తెలుసు. ఆధార్ కార్డులో చదివాను. చదవడమే కానీ ఎవరి నోటా విన్నది లేదు. పిలుద్దామని నోరు తెరిచాను. అమ్మ తల ఎత్తి, నా పెదవుల వైపు చూస్తూ కూర్చుంది. ఎంత ప్రయత్నించినా ఆ పేరు నాకు నోట రాలేదు.